మామ బండి హెడ్డు అరగదీసిన నెల

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఈ లోకంలో ఏదీ ఉండేది కాదు. అంత జ్ఞానం తర్వాత ఎటు పోయిందో ఇప్పటికీ అంతుపట్టదు. మెకానికల్ డిప్లొమా చేతికొచ్చి మూడు నెలలైంది. రాబర్ట్‌సన్‌పేట బజారు వెనక ఒక లేత్ షాపులో పనికి కుదిరి, ఓనరు లేనప్పుడు వచ్చినవాళ్లందరికీ ఇంజన్ల మీద ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. (ఓనరు ఉన్నప్పుడు ఇనుప రజను ఊడ్చేవాణ్ణి.) ఇరవై ఒక్కేళ్ల వయసులో ఏదో ఒక పిచ్చి లేకపోతే బాగుండదు కాబట్టి నాకు డ్రాగ్ రేసుల పిచ్చి పట్టింది. బంగారుపేట దారిలో ఒక లేఔట్ ఉండేది. తారు రోడ్డు వేశారు, సైట్లకు హద్దురాళ్లు పాతారు, ఇల్లు మాత్రం ఒక్కటీ లేవలేదు. పావు మైలు పొడవున తిన్నగా ఉన్న ఆ రోడ్డు మీద ఆదివారం పొద్దున పాత బండ్లవాళ్లంతా చేరేవాళ్లు. ఇద్దరిద్దరుగా నిలబడాలి, తువ్వాలు ఊపగానే బయల్దేరాలి, ఎవరు ముందు గీత దాటితే వాళ్లు ఆ వారానికి రాజు. వాళ్ల నాన్నల కాలం నాటి బండ్లకే అక్కడ ప్రవేశం, కొత్త బండి తెచ్చినవాడిని చూసి నవ్వేవాళ్లు.

నాకు బండి లేదు. మా మామకు ఉంది. ఆయన మా అమ్మ తమ్ముడు, మా ఊరి పక్కనే కోరమండల్ అనే పేటలో, పాత బంగారు గని క్వార్టర్స్‌లో ఉండేవాడు. ఊరంతా ఆయన్ని గాలి మామ అనేది, ఎందుకంటే గని నడిచినన్నాళ్లూ ఆయన ఉద్యోగం గాలిని కొలవడం. చిన్న ఫ్యాను చక్రం ఉన్న మీటరు ఒకటి పట్టుకుని భూమి లోపలికి దిగి, పైనుంచి పంపే గాలి సొరంగం చివర పనిచేసే మనిషి దాకా చేరుతోందో లేదో చూసి రాసుకొచ్చేవాడు. గని మూతపడ్డాక ఆ విద్యతో ఎవరికీ పని లేకుండా పోయింది. మామ దాని గురించి మాట్లాడటం కూడా మానేశాడు. ఆయనకు మిగిలింది ఒక పాత సింగిల్ సిలిండర్ మోటార్‌సైకిలు. ప్రతి నెలా సంకష్టి చవితి నాడు అత్తను వెనక కూర్చోబెట్టుకుని దాని మీదే కురుడుమలె వినాయకుడి దగ్గరికి వెళ్లొచ్చేవాడు. పెళ్లైనప్పటి నుంచి ఆ ప్రయాణం ఒక్క నెల కూడా తప్పలేదు. గని మూసిన నెలలోనూ తప్పలేదని అత్త గొప్పగా చెప్పేది.

సర్వీసు చేసి ఇస్తానని బండి అడిగాను. రేసు మాట ఎత్తలేదు. మామ తాళం ఇస్తూ, “సంకష్టి లోపల తెచ్చియ్యప్పా. ఆ హెడ్డు ఇంగ యాడా దొరకదు. పగిలితే బండి కథ అయిపోయినట్టే” అన్నాడు. “నేనుండాను కదా మామా” అన్నాను. ఆ మాటలోని ధైర్యం తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి.

ఇంజన్ పైభాగాన ఉండేదాన్ని హెడ్డు అంటారు. గాలీ పెట్రోలూ లోపలికి వెళ్లే సొరంగం లాంటి దారి అందులోనే ఉంటుంది, దాన్ని పోర్టు అంటాం. నా సిద్ధాంతం చాలా సులువైనది. దారి ఎంత పెద్దదైతే అంత గాలి, ఎంత గాలైతే అంత హార్స్‌పవర్. షాపులో గ్రైండరు ఉంది, ఓనరు పెళ్లికి పోయాడు, ఇంకేం కావాలి? మూడు రోజులు కూర్చుని ఆ పోర్టును అరగదీసి అరగదీసి, లోపల నా ముఖం కనిపించేంత నునుపు చేశాను. గాలి పెరిగిందని రుజువు కూడా కావాలి కదా, దానికొక యంత్రం కట్టాను. పక్కింటి టీచరమ్మగారి వాక్యూమ్ క్లీనరు అడిగి తెచ్చి, చెక్కపెట్టెకు బిగించి, పైన హెడ్డు పెట్టి, మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ల గొట్టం తగిలించాను. మిషను పీలుస్తున్నప్పుడు గొట్టంలో రెండు వైపుల నీళ్ల ఎత్తులో తేడా తగ్గితే గాలి సులువుగా పోతోందని లెక్క. తేడా బ్రహ్మాండంగా తగ్గింది. గ్రాఫు గీసి షాపు గోడకు అంటించి, ఆ ఆదివారం దర్జాగా లేఔట్‌కు పోయాను.

నా పక్కన నిలబడ్డాయన పట్టుగూళ్ల వ్యాపారి, నడివయసు మనిషి, బండి మీద ఇంకా గూళ్ల బుట్ట కట్టిన తాళ్లు కూడా విప్పలేదు. తువ్వాలు ఊపారు. ఆయన వెళ్లిపోయాడు. నేను యాక్సిలరేటరు పూర్తిగా తిప్పాను. బండి ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, తర్వాత మధ్యాహ్నం భోంచేసిన గుమాస్తా లేచినట్టు మెల్లగా కదిలింది. ఆయన గీత దాటి, హెల్మెట్ తీసి, జుట్టు సర్దుకుంటున్నప్పటికి నేను సగం దారిలో ఉన్నాను. అప్పుడొచ్చింది నా హార్స్‌పవర్. గీత దగ్గరికి వచ్చేసరికి బండి ఒక్కసారిగా అందుకుంది, జనం పక్కకు దూకారు, రోడ్డు అయిపోయింది, నేను మాత్రం అయిపోలేదు. చివరికి రాగి చేలో ఆగాను. కలుపు తీస్తున్న పెద్దాయన నడుము నిటారు చేసి నన్ను ఎగాదిగా చూసి, “ఏమప్పా, పందెం ఆడనే అయిపోయిందంట కదా. నువ్వు యాడికి పోతా ఉండావు?” అన్నాడు. ఆ సంగతి నా గ్రాఫులో లేదు.

ఓడిన సంగతి ఒక రోజులో మరిచిపోవచ్చు, కానీ సంకష్టి నాలుగు రోజుల్లో ఉంది. బండి కడిగి, తుడిచి, మామ గుమ్మం ముందు పెట్టి, టీ కూడా తాగకుండా జారుకోవాలని చూశాను. మామ స్టార్టు చేసి వీధి చివర ఎత్తు దాకా వెళ్లాడు. తిరిగి తోసుకుంటూ వచ్చాడు.

“ఏం చేసినావు?”

“ఏం చెయ్యలేదు మామా. పెట్రోలు బాగలేదేమో.”

ఆయన కోప్పడలేదు. స్పానర్లు తెచ్చుకుని కార్బురేటరు విప్పి, పోర్టులోకి వేలు పెట్టి చూశాడు. తర్వాత రెండు వేళ్లు పెట్టి చూశాడు. “బొటనవేలు పట్టే తావులో రెండు వేళ్లు ఆడతా ఉండాయి” అన్నాడు చివరికి. ముఖం మాత్రం ఎత్తలేదు. అరిచి ఉంటే తట్టుకునేవాణ్ణి. అరవకపోయేసరికి రేసు దగ్గర్నుంచి రాగి చేను దాకా అంతా కక్కేశాను. నా లెక్క తప్పు కాదని, నీళ్ల గొట్టమే సాక్ష్యమని కూడా అన్నాను. (పరువు పోయినా పట్టు పోలేదు.)

“ఆ పెట్టె ఎత్తుకొని రా, చూస్తాము” అన్నాడు మామ.

సాయంత్రం హెడ్డు విప్పి ఆ యంత్రం మీద పెట్టాం. మామ దేవుడి గూట్లోంచి అత్త సాంబ్రాణి ధూపం తెచ్చి పోర్టు ముందు పట్టుకుని, లోపలికి టార్చి వేయమన్నాడు. పొగ పైగోడను పట్టుకుని సర్రున పోతోంది. కింద, నేను ఎక్కువగా అరగదీసిన వంపులో మాత్రం, పోయే దారి తెలియనట్టు గుండ్రంగా తిరుగుతోంది.

“ఆడ చూడు. ఆ మూల గాలి నిద్రపోతా ఉండాది” అన్నాడు. “గనిలో కూడా ఇంతే. సొరంగం వెడల్పు చేస్తే గాలి ఎక్కువ వస్తాదని కొత్తోళ్లు అనుకుంటారు. వెడల్పైతే దాని పరుగు పోతాది రా. కొసన ఉండేవోడికి ఊపిరి ఆడదు. అట్లాంటి తావులో మేము గోనెపట్టా పరదా కట్టి దారి సన్నం చేస్తా ఉంటిమి. అప్పుడు పోతాది చూడు, కొస దాకా.”

ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి. రెండు ముద్దలు కలిపి పిసికితే రాయిలా గట్టిపడే పుట్టీ తెప్పించి, నేను నునుపు చేసిన చోటంతా గరుకు కాగితంతో గీరించి, ఆ నిద్రపోయే మూలను కొంచెం కొంచెంగా పూడ్చాడు. పూడ్చడం, ఆరనివ్వడం, ధూపం పట్టడం, మళ్లీ పూడ్చడం. మధ్యలో అత్త వచ్చి, “దేవుడికి లేని సాంబ్రాణి ఇంజన్‌కి యాలప్పా?” అని అడిగితే, “సుమ్నే ఉండే, పని ఉండాది” అని ఆమె నోరు మూయించాడు. రెండు రోజులు పట్టింది. చివర నీళ్ల గొట్టం చూస్తే నా ప్రాణం పోయింది, తేడా మళ్లీ పెరిగింది. గాలి తగ్గిపోయింది మామా అంటే, “తగ్గనీ. పోయేది పరుగెత్తి పోతా ఉండాది కదా” అని బిగించేశాడు.

సంకష్టి నాడు వాళ్ల వెనక నేను మా ఓనరు స్కూటరు మీద వెళ్లాను, ఎక్కడైనా ఆగిపోతే తోయడానికి. కురుడుమలె ఎత్తు దగ్గర అత్తను, పూలబుట్టను, కొబ్బరికాయల సంచిని మోస్తూ ఆ బండి ఒక్క దగ్గు లేకుండా ఎక్కింది, వెనక దుమ్ములో నేను ఆగిపోయాను. స్కూటరు తోసుకుంటూ గుడి దగ్గరికి చేరేసరికి అత్త మెట్ల మీద కూర్చుని కొబ్బరి చెక్క తింటోంది.

“బండి ఏమి బాగుండాదప్పా, ముందుకంటే మేలు. ఎవురు చేసినారు, నువ్వేనా?” అంది నాతో.

నేను నోరు తెరిచేలోపే మామ, “అవునే, వాడే చేసినాడు. మంచి చెయ్యి” అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన్ని నేను ముందే అడగకపోవడానికి కారణం ఒక్కటే. చీకట్లో గాలి కొలుచుకున్న మనిషికి ఇంజన్ గురించి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసే ఆ మాట అన్నాడు.

ఇప్పుడు బెంగళూరులో నాదొక చిన్న వర్క్‌షాపు. రేసు బండ్ల హెడ్లు నా దగ్గరికే వస్తాయి, గాలి కొలిచే అసలు యంత్రం కూడా కొన్నాను. మామ పోయి నాలుగేళ్లైంది. అత్త మాత్రం చుట్టాలందరికీ నా ప్రతిభ మొట్టమొదట ఎలా బయటపడిందో ఇప్పటికీ వర్ణించి చెబుతుంది, నేను తల వంచుకుని వింటాను. నిజం చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను, ధైర్యం చాలలేదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అత్త బడిలో చదివింది కన్నడం, తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అందుకే చూడండి, ఇక్కడ ఇంత నిజాయితీగా రాయగలిగాను.