మామ్మ మార్కులు వేసిన అనిమే సిరీస్‌లు

దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. హాస్టల్లో ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలో ప్రశ్నలు వేసి పాడుచేసేదాన్ని నేనే. నేను రాయబోయే దాంట్లో కూడా దెయ్యం కనిపించదు. కనిపించి ఉంటే కళ్ళు మోసం చేశాయని ఒక దండం పెట్టేసి ఊరుకునేదాన్ని. నా దగ్గర ఉన్నది నా చేతిరాతతో ఒక నోట్‌బుక్, అందులో ఒక పేజీ ఫోటో నా ఫ్రెండ్ ఫోన్లో. అంతే.

నాకు ఇరవై ఏళ్ళు. బీటెక్ చదువుతున్నాను. మాది మధురవాడలో మూడో అంతస్తు ఫ్లాట్. కట్టిన తర్వాత అందులోకి మొదట దిగింది మేమే. నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటర్. అమ్మ ఇంటికి దగ్గర్లోనే ఒక బట్టల షాపులో పనిచేస్తుంది. పొద్దున తొమ్మిదికి ఇద్దరూ వెళ్ళిపోతే సాయంత్రం దాకా రారు.

పోయిన ఎండాకాలం సెలవుల్లో నేనూ, నా ఫ్రెండ్ జెస్సీ ఒక పని పెట్టుకున్నాం. ఇద్దరం ఒకే అనిమే సిరీస్‌లు, అంటే జపాన్ వాళ్ళ బొమ్మల కథలు చూడాలి, ఎవరి అభిప్రాయం వాళ్ళు రాసుకోవాలి, పదికి మార్కులు వేయాలి, తర్వాత ఫోన్లో కొట్టుకోవాలి. జెస్సీ ఆనందపురంలో ఉంటుంది. తనకి ఏడిపించేవి ఇష్టం. నాకు కథ కదలాలి. ఒక్క పరుగుపందెం నాలుగు ఎపిసోడ్లు సాగితే నాకు ఒళ్ళు మండిపోతుంది.

మే మొదటి వారంలో మామ్మ వచ్చింది. మా నాన్నకి తల్లి. జాలరిపేటలో ఉంటుంది. నలభై ఏళ్ళు నెత్తిన గంప పెట్టుకుని వీధివీధి తిరిగి చేపలమ్మిన మనిషి. రెండు కళ్ళకీ శుక్లాలు బాగా ముదిరిపోయాయి. వెలుగు, నీడ తప్ప ఏమీ తెలియదు. ఆపరేషన్ చేయిద్దామని తీసుకొస్తే, షుగర్ ఎక్కువగా ఉంది, తగ్గాక చేద్దామన్నారు డాక్టర్లు. అలా నెలన్నర మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఏసీ ఉన్నది ఒకటే గది. చల్లగాలి తగులుతుందని మామ్మ మంచాన్ని లోపలి మూలకి, గోడకి ఆనించి వేశాం. ఆ గోడ బిల్డింగు బయటి గోడ. దానవతల గది లేదు, బాల్కనీ లేదు. మధ్యాహ్నాలు మామ్మ గోడవైపు తిరిగి పడుకునేది. నేను మంచం కాళ్ళ దగ్గర కింద చాప వేసుకుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని చూసేదాన్ని. ఆమె నిద్ర పాడవకూడదని ఎప్పుడూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే చూసేదాన్ని. మాటలు జపనీస్, కింద ఇంగ్లీషు అక్షరాలు.

మొదట చూసింది కొండ రైల్వే స్టేషన్లో చిన్న హోటల్ నడిపే కుర్రాడి కథ. ఎపిసోడ్‌కొక ప్రయాణికుడు వస్తాడు, సూపు తాగుతాడు, తన బాధ చెప్పుకుని వెళ్ళిపోతాడు. చాలా మెల్లగా సాగుతుంది. మూడో ఎపిసోడ్ చూస్తుంటే మామ్మ కదిలింది. నేను ఒక ఇయర్‌ఫోన్ తీశాను.

"ఆ గుంటడు ఉప్పు ఎక్కువేసేత్తన్నాడే. వొచ్చినోళ్ళు మొగమాటానికి తాగేత్తన్నారు. ఎవురో ఒకలు సెప్పాల గదా?" అంది.

కలవరిస్తోంది అనుకున్నాను. రెండు నిమిషాల తర్వాత కథలో ఒక ముసలాయన స్పూన్ పక్కన పెట్టి, ఉప్పు ఎక్కువైందని చెప్పాడు. అంతకుముందు వచ్చిన వాళ్ళెవరూ నోరు విప్పలేదు. కుర్రాడికి నాలుక రుచి పోయిందన్నదే ఆ కథలో అసలు విషయం. అది అప్పటికి నాకూ తెలియదు.

నీకెలా తెలిసిందని అడిగాను. మామ్మ పళ్ళులేని నోటితో నవ్వింది. "నాతో ఏళాకోళమాడతన్నావేటే?" అంది. 

తర్వాత రోజూ ఏదో ఒకటి అనేది. పరుగుపందెం సిరీస్‌లో అందరూ మెచ్చుకునే కోచ్ మీద ఆమెకి మొదటి రోజు నుంచే కోపం. "ఆడు పిల్లల కోసరం కాదు, ఆడి పేరు కోసరం పరిగెట్టిత్తన్నాడు" అంది. ఆరో ఎపిసోడ్‌కి అదే బయటపడింది. మంత్రాల స్కూలు కథకి సున్నా వేసింది. పిల్లలకి పరీక్షలు లేవు, ఇంటి నుంచి ఒక్క కబురు లేదు, అదేం బడి అని. నా నోట్‌బుక్‌లో నా అభిప్రాయం కింద "మామ్మ మాట" అని రాయడం మొదలుపెట్టాను. జెస్సీకి చెప్తే, మీ మామ్మ నీకంటే బాగా రివ్యూ చేస్తోంది అని నవ్వింది.

ఇయర్‌ఫోన్స్ నుంచి శబ్దం బయటికి వస్తోందేమో అనుకున్నాను. వచ్చినా అది జపనీస్. ఒక మధ్యాహ్నం పరీక్ష పెట్టాను. నేనూ చూడని సిరీస్ పెట్టి, శబ్దం పూర్తిగా ఆపేసి, స్క్రీన్ కిటికీ వైపు తిప్పి కూర్చున్నాను. పది నిమిషాలు మామ్మ ఏమీ అనలేదు. హమ్మయ్య అనుకుంటుండగా, "ఆ పెద్ద గుంట ఉత్తరం దాసేసింది సూడు. తమ్ముడికియ్యదు" అంది. స్క్రీన్ మీద అక్క ఇంకా గేటు దగ్గర ఉత్తరం అందుకుంటోంది. తర్వాతి సీన్లో దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది.

ఆ రోజు ఏసీ ఆపేసి హాల్లోకి వచ్చి కూర్చున్నాను. భయం అని ఒప్పుకోలేదు కానీ, అమ్మ వచ్చేదాకా ఆ గదిలోకి వెళ్ళలేదు.

రాత్రి భోజనాల దగ్గర నాన్నకి చెప్పాను. ఆయన భయం ఇంకొకటి. "షుగర్ ఎక్కువై అమ్మకి బుర్రకేటైనా అయిందేటి?" అన్నాడు. మర్నాడే సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఊరు, పేరు, వారం, మనవరాలి చదువు అన్నీ అడిగారు. మామ్మ అన్నీ సరిగ్గా చెప్పింది. పైగా డాక్టరమ్మని పెళ్ళయిందా అని అడిగింది. బుర్ర బ్రహ్మాండంగా ఉందన్నారు. షుగర్ కూడా దిగుతోంది, జూన్లో ఆపరేషన్ చేసేద్దామన్నారు.

ఇక అసలు సంగతి.

మే చివర్లో ఇంకొకటి, ఒక ద్వీపం కథ చూశాను. పన్నెండు ఎపిసోడ్లు. తండ్రి సముద్రం మీదకి వెళ్ళి రాడు. అక్కాతమ్ముడు ఎదురుచూస్తుంటారు. పన్నెండో ఎపిసోడ్ చివర పొగమంచులో పడవ ఇంజను శబ్దం వినిపిస్తుంది, అక్క ఒడ్డుకి పరిగెడుతుంది, తెర తెల్లగా అయిపోతుంది. అయిపోయింది! పడవలో ఎవరున్నారో చూపించరు. నాకు మండిపోయి నాలుగు మార్కులు వేశాను. జెస్సీ తొమ్మిది వేసింది. ఆ సాయంత్రం ఇద్దరం గంటసేపు వాదించుకున్నాం. మామ్మ మాత్రం ఆ రోజు ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున బస్సెక్కి జెస్సీ వాళ్ళింటికి ఆనందపురం వెళ్ళాను. లాప్‌టాప్ కూడా పట్టుకెళ్ళాను. అమ్మ మధ్యాహ్నం ఒక్కసారి వచ్చి మామ్మకి అన్నం పెట్టి, బయట తాళం వేసి వెళ్ళింది. నేను ఇంటికొచ్చేసరికి నాలుగున్నర. తాళం తీసింది నేనే.

మామ్మ లేచి కూర్చుని ఉంది. మొహం తేటగా ఉంది.

"నిన్న మిగిలింది ఇయ్యాల అయిపోయింది గదా. ఆ గుంట మంచి పని సేసిందే. సొక్కా ఇప్పించకుండానే బొత్తాం కుట్టేసింది. ఎర్ర దారమైతే ఏటి, బొత్తాం నిలిసింది గదా" అంది.

ఏ చొక్కా, ఏ బొత్తాం అని అడిగాను. విసుక్కుంది. "మళ్ళీ నా నోటితోటి సెప్పించుకోవాలేటి?" అంటూనే చెప్పింది. పడవలో తండ్రి లేడు. ఎవరో కొత్త మనిషి ఉన్నాడు. ఒంటి మీద తండ్రి చొక్కా, రెండో బొత్తాం ఊడిపోయింది. తమ్ముడు అరవబోతే అక్క నోరు మూసింది. అన్నం పెట్టింది. అతను సగం తిని, సగం ఎవరికో అన్నట్టు పక్కన పెట్టాడు. అక్క ఏమీ అడగలేదు. ఇంట్లో తెల్లదారం లేక ఎర్రదారంతో బొత్తాం కుట్టింది. అప్పుడతను ఏడ్చాడు.

సొంతంగా అల్లుకుందనుకున్నాను. చేపల గంప పక్కన కూర్చుని ఎన్ని కథలు విని ఉంటుందో కదా. నాకు చాలా నచ్చింది. నోట్‌బుక్‌లో అంతా రాసి, "మామ్మ ముగింపుకి పది" అని వేసి, ఫోటో తీసి జెస్సీకి పంపాను. తను ఏడుపు బొమ్మలు పంపింది.

జూన్లో ఒక కంటికి, తర్వాత రెండోదానికి ఆపరేషన్లు అయ్యాయి. కట్టు విప్పగానే నన్ను చూసి, "ఓలమ్మ, ఇలగ సిక్కిపోయావేటే?" అంది. సరదాగా ఒక అనిమే పెట్టి చూపించాను. ఐదు నిమిషాలు చూసి లాప్‌టాప్ నా వైపు తోసేసింది. "ఏటే ఆ కళ్ళు? సేప కళ్ళలాగున్నాయి. ఆలేటి మాటాడతన్నారో ఒక్క ముక్క తెల్దు" అంది. తర్వాత జాలరిపేట వెళ్ళిపోయింది.

డిసెంబర్లో ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో ఉండగా జెస్సీ నాలుగుసార్లు ఫోన్ చేసింది. బయటికొచ్చి ఎత్తాను. ఆ ద్వీపం కథకి ప్రత్యేకంగా ఇంకో ఎపిసోడ్ వచ్చిందట. వెంటనే చూడమంది, ఏమీ చెప్పనంది.

కాంటీన్లో కూర్చుని ఫోన్లో చూశాను. కొత్త మనిషి. తండ్రి చొక్కా. సగం అన్నం. దారం డబ్బా తెరిచినప్పుడు నేను ఆపేశాను. కాసేపటికి మళ్ళీ పెట్టాను. దారం ఎర్రదే.

ఆ కథ ఏ పుస్తకం నుంచీ తీసింది కాదు. మే నెలలో ఈ ఎపిసోడ్ గురించి ఎక్కడైనా రాశారేమోనని వారం రోజులు వెతికాం. మాకు ఏదీ దొరకలేదు. దొరికినా మామ్మకి చదువు రాదు.

ఆదివారం జాలరిపేట వెళ్ళాను. మామ్మ గుమ్మంలో పీట వేసుకుని చేపలు శుభ్రం చేస్తోంది. ఎపిసోడ్ సంగతి చెప్పి, ఇదంతా నువ్వు ఆ రోజే చెప్పావు మామ్మా, ఎలా చెప్పావు అని అడిగాను.

"నానెక్కడ సెప్పాను? నువ్వే గదా రోజూ పక్కన కూకోని తెలుగులో సదివి సెప్పేదానివి."

నేను చెప్పలేదన్నాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మంచం కాళ్ళ దగ్గర కూర్చునేదాన్నని చెప్పాను. మామ్మ అడ్డంగా తల ఊపింది.

"కాళ్ళకాడ కాదే. నా మొగం కాడ. సెవిలో మెల్లగా సెప్పేదానివి, పక్కన ఎవురో లేసేత్తారన్నట్టు."

"నీ మొహం దగ్గరంటే గోడే కదా మామ్మా. మంచం గోడకి ఆనించి ఉంది. ఆ బొత్తాం కథ రోజున నేను ఇంట్లోనే లేను. ఆనందపురం వెళ్ళాను."

మామ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. నా వైపు చూసింది. కొత్త కళ్ళు కదా, చూపు సూటిగా ఉంది.

"మరైతే నా తల నిమిరిందెవురే?" అంది.

 ఆమె మళ్ళీ చేప కోయడం మొదలుపెట్టింది. 

దీన్ని చాలా రకాలుగా ఆలోచించాను. ఉప్పు సంగతి, కోచ్ సంగతి అయితే ముసలావిడ అనుభవం అనుకోవచ్చు. బియ్యం డబ్బాలో ఉత్తరం, ఎర్రదారం అలా అనుకోలేను. ఆ ఫ్లాట్లో మాకంటే ముందు ఎవరూ లేరు, ఎవరూ పోలేదు. ఆ గోడ అవతల గాలి తప్ప ఏమీ లేదు. నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఈ ఎండాకాలం కంటి పరీక్షకని మామ్మ మళ్ళీ వచ్చి వారం ఉంది. ఏ గదిలో పడుకుంటావని అమ్మ అడిగితే అదే గది అంది. మంచం కూడా గోడ వైపుకి తనే జరిపించుకుంది. మొదటి మధ్యాహ్నం గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని చాలాసేపు కదలకుండా పడుకుంది. నిద్ర కాదని తెలుస్తూనే ఉంది. ఉండబట్టలేక, ఏమైనా వినిపిస్తోందా మామ్మా అని అడిగాను.

"లేదే," అంది ఇటు తిరక్కుండానే. "కళ్ళొచ్చేసినాయి గదా నాకు. ఇంక నాకెందుకు సెప్తాది?"

ఎవరని నేను అడగలేదు. అడిగితే పేరు చెప్తుందేమోనని భయమేసింది.