ప్రవీణను అడగండి

డీబగ్గర్‌లో ఏ లైను ముట్టుకోవాలన్నా ముందు ప్రవీణను అడగాలని ఆ ఫ్లోర్‌లో అందరికీ తెలుసు. కోడ్‌లోనే పదకొండు చోట్ల ఆ మాట ఉంది. "ఇక్కడ డిలీట్ చేయొద్దు. ప్రవీణను అడగండి." తొమ్మిదేళ్ల కింద, రిలీజ్‌కు ముందు వారమంతా క్రాష్‌లు తగ్గకపోతే విసిగిపోయి ఆమే రాసింది. తర్వాత తీసేద్దామనుకుంది. తీయలేదు.

నానక్‌రామ్‌గూడలోని వాళ్ల కంపెనీ చిప్‌లు తయారు చేసేవాళ్లకు డీబగ్గర్ అమ్ముతుంది. బోర్డు మీద నడుస్తున్న ప్రోగ్రామును కావలసిన చోట ఆపి, లోపల ఏం జరుగుతోందో చూపించే సాధనం అది. ఆపాల్సిన చోట పెట్టే గుర్తు బ్రేక్‌పాయింట్. బోర్డుతో సంబంధం నడిపే సెషన్ ఆ గుర్తును పుట్టిస్తుంది. తెర మీది జాబితా దాన్ని చూపిస్తుంది. ఇంకో నాలుగు చోట్ల దాని చిరునామా, అంటే పాయింటర్, ఉంటుంది. పని అయ్యాక దాన్ని పారేయాల్సింది ఎవరన్నది మాత్రం కోడ్‌లో ఎక్కడా లేదు. ప్రవీణ తలలో ఉంది.

ఆమెది గోపన్‌పల్లి. పుట్టిల్లు, అత్తగారిల్లు రెండూ అక్కడే, రెండు గల్లీల తేడా. ఆడబిడ్డ పెళ్లిలో తలంబ్రాల వేళ ఫోన్ మోగితే మండపం వెనక్కి పోయి పావుగంట మాట్లాడింది. అత్త భూలక్ష్మి ఊరుకోలేదు.

"ఏందే, నువ్వు లేకుంటే మీ ఆఫీసోళ్లకు బువ్వ తినుడు గూడ రాదా?"

ప్రవీణకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే లోపల కొంచెం బాగానే అనిపించింది.

నిరుడు పక్క టీమ్‌లో కుమార్ అని ఒకతను ఉండేవాడు. తన భాగమంతా శుభ్రంగా తిరగరాసి, ఎవరు చదివినా అర్థమయ్యేలా పెట్టాడు. మెచ్చుకుంటూ మెయిల్ వచ్చింది. రెండు నెలలకు, ఇక అతని అవసరం లేదని వేరే మెయిల్ వచ్చింది. అప్పటికి అతనికి నలభై మూడు. ప్రవీణకు ఇప్పుడు నలభై ఒకటి.

అందుకే పాత పాయింటర్లన్నీ తీసేసి సొంతదారు వదలగానే వస్తువును వాటంతటవే పారేసే స్మార్ట్ పాయింటర్లు పెట్టే పనిని వినయ్‌కి ఇచ్చినప్పుడు ఆమె పెద్దగా మాట్లాడలేదు. వినయ్‌ది అనంతపురం, ఆరేళ్ల అనుభవం. అతను మార్చిన కోడ్‌ను చూడమని రివ్యూకు పంపిన ప్రతిసారీ 'తర్వాత చూద్దాం' అని రాసి పెట్టింది. మూడో వారం సోమవారం అతను ల్యాప్‌టాప్ పట్టుకొని ఆమె సీటు దగ్గరికే వచ్చాడు.

"అక్కా, అన్నీ షేర్డ్ పాయింటర్లు చేసేసినా. క్రాష్‌లు నిలిచిపోయినాయి."

షేర్డ్ పాయింటర్ అంటే పట్టుకున్న ప్రతివాడూ సొంతదారే. చివరివాడు వదిలినప్పుడే వస్తువు పోతుంది.

"క్రాష్‌లు సరే. బోర్డు సంగతేంది? పొద్దున్నుంచి టెస్టింగోళ్లు మొత్తుకుంటున్నరు. ఒకరు బంద్ చేసినంక ఇంకొకరికి దొరుకుతలేదట."

"కరెంటు తీసి పెడితే దొరుకుతాంది."

"బ్రేక్‌పాయింటేమో సెషన్‌ను పట్టుకుంది. సెషనేమో బ్రేక్‌పాయింట్‌ను పట్టుకుంది. ఇద్దరు వియ్యంకులు గేటు కాడ మీరు పోండి అంటే మీరు పోండి అనుకుంట నిలవడ్డట్టుంది. ఇగ బోర్డును ఇడిచేదెవరు?"

వినయ్ నవ్వాడు, కానీ ఎక్కువసేపు కాదు. "ఏది ఎవురిదో తెలియకనే అందరికీ ఇచ్చేసినా అక్కా. ఎవురినడిగినా నిన్ను అడగమంటారు. నువ్వేమో మూడు వారాలుగా తర్వాత చూద్దామంటాండావు."

అంతలో మేనేజర్ పార్థసారథి అటుగా వచ్చి విషయం విని తేల్చేశాడు.

"షేర్డ్‌గానే ఉంచేద్దామండి. ఆ బోర్డు వదిలేదానికి మీరే ఏదో ఒక ప్యాచ్ వేసేయండి ప్రవీణగారూ. మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?"

ప్యాచ్, అంటే పైపై అతుకు, అరగంట పని. అది వేస్తే సొంతదారు ఎవరో ఇంకో తొమ్మిదేళ్లు ఎవరికీ తెలియదు. ఫోన్ మోగుతూనే ఉంటుంది. ప్రవీణ మొదలుపెట్టింది. ఒక చోట అనుమానం వచ్చి, పాత ఫైల్ తెరిచి, తను రాసిన ఏడో హెచ్చరిక దగ్గర ఆగింది. ఇక్కడ డిలీట్ చేయొద్దు. ప్రవీణను అడగండి.

ఎందుకు చేయొద్దో ఆమెకు గుర్తు రాలేదు.

మొదట నవ్వొచ్చింది. తర్వాత పాత మెయిళ్లు వెతికింది. కోడ్ పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. క్యాంటీన్‌కు పోలేదు. సాయంత్రం నాలుగింటికి చిక్కు విడింది. ప్రోగ్రాము ఒక బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగినప్పుడు, డీబగ్గర్‌లో ఆ బ్రేక్‌పాయింట్ తాలూకు కోడే నడుస్తూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే డీబగ్గర్ వాడేవాడు దాన్ని తీసేస్తే, కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే. ఇంత పెద్ద విషయాన్ని తొమ్మిదేళ్లు ఒక్క తన మతి మీద వదిలేసింది. ఆ మతే ఈరోజు నాలుగు గంటలు పని చేయలేదు.

ప్యాచ్‌ను సేవ్ చేయకుండా మూసేసి వినయ్‌ని పిలిచింది.

"కుర్చీ గుంజుకో. రేపటి దాకా గిదే పని."

"ప్యాచ్ ఏసేసినావా?"

"ఎయ్యలే. బ్రేక్‌పాయింట్‌కు సొంతదారు ఒక్కటే, సెషన్. యూనిక్ పాయింటర్ పెట్టు. సెషన్ పోతే దానితోపాటు బ్రేక్‌పాయింట్లు పోవాలె. బ్రేక్‌పాయింట్ సెషన్ దిక్కు చూడొచ్చు, పట్టుకోవద్దు."

"మరి తెర మీది జాబితా?"

"దానికి నంబర్ ఇయ్యి చాలు. ఆ నంబర్‌ది ఉన్నదా లేదా అని చూపించేటప్పుడల్లా సెషన్‌నే అడుగుతది. లేదంటే ఆ వరుస తీసేస్తది."

"ఆగినప్పుడే తీసేస్తే?"

ఆమె అతని వైపు చూసింది. "అది నీకెట్ల తెలుసు?"

"రెండు దినాలు దాంతోనే సచ్చినా. అన్నీ షేర్డ్ చేయకముందు నూరింట్ల ఒకసారి క్రాష్ అయితాండె."

"నన్ను అడగొద్దా?"

"అడిగినా. తర్వాత చూద్దామన్నావు."

ప్రవీణ కీబోర్డును అతని వైపు జరిపింది. "అప్పుడు దాన్ని ఎంబడే పారేయొద్దు. పక్కకు తీసి పెట్టాలె. ఆగిన పని మొత్తం అయిపోయినంక సెషనే పారేస్తది. రాయి, నేను చెప్త. ఎందుకో గూడ రాయి."

మరుసటి రోజు సాయంత్రానికి అయిపోయింది. పదకొండు హెచ్చరికల్లో ఎనిమిది అక్కర్లేకుండా పోయాయి. పాయింటర్ రకం చూస్తేనే సంగతి తెలుస్తుంది. మిగిలిన మూడు చోట్ల కారణం రాశారు. ఎవరి పేరూ లేదు. రివ్యూలో ప్రవీణ 'సరే' అని పెట్టింది. బోర్డు ఆ రాత్రి టెస్టులన్నింటికీ దొరికింది.

ఆ తర్వాతి పది రోజుల్లో ఆమెకు ఫోన్ రాలేదు. బెంగళూరు టీమ్ నుంచి ఎవరో గ్రూప్‌లో బ్రేక్‌పాయింట్ల గురించి అడిగితే, ఆమె టైప్ చేసేలోపే ఇంకో టీమ్ అమ్మాయి వాళ్లు కారణం రాసిన లైన్ చూపించి జవాబిచ్చేసింది. ప్రవీణ తను రాసిన సగం వాక్యం చెరిపేసింది.

నెలాఖరున పార్థసారథి గదిలోకి పిలిచాడు. తెర మీద వచ్చే మూడు నెలల పనుల జాబితా ఉంది. దాంట్లో ఆమె పేరు లేదు.

"బ్రేక్‌పాయింట్ల వైపు ఇక పెద్ద పనేం లేదు కదండి. మిమ్మల్ని ఎక్కడ వేయాలా అని..."

ఈ ప్రశ్న వస్తుందని పది రోజులుగా తెలుసు కాబట్టి ఆమె తడుముకోలేదు.

"ట్రేస్ కోడ్ ఉంది గద సార్, ప్రోగ్రాము నడిచిన దారంత రాసిపెట్టేది. అండ్ల ఏది ఎవరిదో ఎవరికీ తెల్వదు. రాసినాయన ఎప్పుడో కంపెనీ ఇడిసి పోయిండు. అది నాకియ్యండి."

"అది మీకు కొత్త కదండి. టైమ్ పడుతుంది."

"పడతది."

"పైవాళ్లతో మాట్లాడి చెప్తానండి."

మంచిదని లేచి ఆమె సీటుకు వచ్చింది. ఇంటికి పోయే ఆటోకు ఇంకా గంట ఉంది. ట్రేస్ ఫోల్డర్‌లో మొదటి ఫైల్ తెరిచింది. రెండు వేల లైన్లు. అర్థం కాని చోట ఎవరినీ అడిగే వీల్లేదు. కాగితం ఒకటి ముందర పెట్టుకొని, మొదటి పాయింటర్ ఎక్కడ పుట్టిందో వెతకడం మొదలుపెట్టింది.