రైన్ పడవలో ఎడమవైపు సీటు

2023 సెప్టెంబర్ నాటికి కెనడాలోని రిచ్‌మండ్ హిల్‌లో నా ట్రావెల్ ఏజెన్సీకి పదకొండేళ్ళు. ఇండియన్ గ్రోసరీ పక్కన చిన్న గది, ఒక కంప్యూటర్, నేను. మొదట్లో ఎక్కువగా ఐటీ కుటుంబాలవాళ్ళు వచ్చేవారు, వేసవి ప్రయాణాలకు చలికాలంలోనే టికెట్లు అడిగేవారు. తర్వాత స్టూడెంట్లు వెల్లువలా వచ్చిపడ్డారు. అందరికీ తొందరే. నాకు మధ్యాహ్న భోజనం నాలుగింటికి తినడం అలవాటైపోయింది. సాయంత్రమయ్యేసరికి ఎదుటి మనిషి ముఖం గుర్తుండేది కాదు, పాస్‌పోర్ట్ మాత్రమే గుర్తుండేది. ఒకసారి ఆ పాస్‌పోర్ట్ కూడా సరిగ్గా చూడలేదు.

ఆ నెలలో టికెట్ కోసం వచ్చిన నిఖిల కరీంనగర్ అమ్మాయి. ఒషావాలో మాస్టర్స్ పూర్తిచేసి అక్కడే ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. వరంగల్ హాస్టల్‌లో నాలుగేళ్ళు ఆమెతో ఒకే గదిలో ఉన్న హారిక జర్మనీలో చదువుతోంది. ఆ గది గోడకు ఒక పాత క్యాలెండర్ ఉండేదట. అందులో నది, ఒడ్డున పాతకాలపు ఊరు, కొండ మీద కోట. అది రైన్ నది అని హారిక జర్మనీ వెళ్ళాకే తెలిసింది. ఇద్దరూ కలిసి అక్కడ ఒక్క రోజు గడపాలని వాళ్ళ కోరిక. డిసెంబర్‌లో హారిక హైదరాబాద్ వెళ్ళి పెళ్ళి చేసుకోబోతోంది, ఆ తర్వాత ఎవరెక్కడ ఉంటారో తెలియదు.

గురువారం సాయంత్రం విమానం, శనివారం పడవ, ఆదివారం తిరుగు ప్రయాణం, సోమవారం ఆఫీసు. నిఖిల అంతకుముందు కాలేజీ తరఫున ఒక కాన్ఫరెన్స్‌కు యూరప్ వెళ్ళి వచ్చింది. అప్పటి షెన్‌గెన్ వీసాకు, అంటే యూరప్‌లో తిరగడానికి ఇచ్చే వీసాకు, ఇంకా గడువుంది. కెనడా పర్మిట్ ఉందా అని అడిగాను. ఉందంది. కొత్త వర్క్ పర్మిట్, మూడేళ్ళది. ఇంకేం కావాలనుకున్నాను.

ఐటినరీ, అంటే ప్రయాణ పట్టిక, మాత్రం బుద్ధిగా తయారుచేశాను. ఎన్నాళ్ళకో ఒకరు పని మీద కాకుండా సరదాకి వెళ్తున్నారు, నాకే హుషారొచ్చింది. రూడెస్‌హైమ్‌లో పడవ ఎక్కాలి, బాఖరాఖ్‌లో దిగి పాత వీధులు చూడాలి, మళ్ళీ పడవెక్కి సాంక్ట్ గోవార్ వెళ్ళాలి. కోటలు ఎక్కువగా అటే కనిపిస్తాయి కాబట్టి ఎడమవైపు కూర్చోమని కూడా రాశాను.

గురువారం మధ్యాహ్నం ఒక స్టూడెంట్ పాస్‌పోర్ట్ స్కాన్ చేస్తున్నాను. అందులో కెనడా వీసా గడువు ముగిసింది, స్టడీ పర్మిట్‌కు మాత్రం గడువుంది. పర్మిట్ ఉంది కదా అని అతను ధీమాగా ఉన్నాడు. మన పిల్లల్లో చాలామంది పడే పొరపాటే ఇది. పర్మిట్ ఇక్కడ ఉండటానికి, TRV అనే వీసా స్టిక్కర్ బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రావడానికి. పర్మిట్ పొడిగించినంత మాత్రాన స్టిక్కర్ పొడిగించినట్టు కాదు. అతనికి ఇది చెబుతుంటే నిఖిల గుర్తొచ్చింది. వెంటనే ఆమె ఫైలు తెరిచాను. ఆమె స్టిక్కర్ గడువు మూడు వారాల క్రితమే అయిపోయింది.

ఫోన్ చేస్తే సెక్యూరిటీ లైన్లో ఉన్నానంది. విషయం చెప్పాను.

"ఒక్క రోజే కదా ఆంటీ, పోయి వచ్చేస్తా."

"రావడానికే వీసా లేదమ్మా. తిరుగు విమానం ఎక్కనివ్వరు. అక్కడి నుంచి ఇండియా వెళ్ళి అప్లై చేసుకోవాలి. ఎన్ని వారాలో, ఎన్ని నెలలో నేను చెప్పలేను. ఈ ఉద్యోగం అప్పటిదాకా ఆగదు."

"హారిక లీవ్ పెట్టుకుంది ఆంటీ. పొద్దున్నే ఎయిర్‌పోర్ట్‌కి వస్తది."

లైన్లోంచి బయటికి రమ్మన్నాను. షాపు మూసి ఎయిర్‌పోర్ట్‌కు వెళ్ళాను. నిఖిల బయట బెంచీ మీద బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవకాయ ప్యాకెట్ ఒకటి బయటికి తీసి పక్కన పెట్టింది, హారిక కోసం తెచ్చిందట. ఒషావా దాకా కార్లో దింపాను. తిడుతుందేమోనని దారంతా ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనిపించింది. ఇంటి ముందు దిగేటప్పుడు అంది.

"నాకు తెలవదు ఆంటీ. మీకు తెలుసు కదా."

సారీ అన్నాను. అంతకన్నా ఏమనాలో ఇప్పటికీ తెలియదు. అలసిపోయి ఉన్నానని చెప్పుకోవచ్చు, అది నిజం కూడా. కానీ ఆ అలసట ఆమెకెందుకు?

శనివారం నిఖిల నుంచి ఒక ఫోటో వచ్చింది. హారిక ఒంటరిగానే పడవ ఎక్కింది. నది, ఒడ్డున ఊరు, కొండ మీద కోట. ఫోటోలో ఒక మూలకు ఖాళీ సీటు, దాని మీద హారిక స్కార్ఫ్ పరిచి ఉంది. కింద నిఖిల రాసింది: "మీరు చెప్పిన వైపే కూర్చుంది ఆంటీ."

నిఖిలకు కొత్త స్టిక్కర్ వచ్చేసరికి షెన్‌గెన్ గడువు తీరిపోయింది. హారిక హైదరాబాద్ వెళ్ళిపోయింది. ఇద్దరూ ఇంకా కలవలేదు.

ఇప్పుడు నా ముందు కూర్చున్నవాళ్ళను ఎక్కడికి వెళ్తున్నారని ముందుగా అడగను. పాస్‌పోర్ట్ తీసుకుని కెనడా వీసా పేజీ తెరుస్తాను, గడువు తేదీని పైకి చదువుతాను, వాళ్ళచేతా చదివిస్తాను. ఇంకా బయల్దేరనే లేదు, అప్పుడే రావడం గురించా ఆంటీ అని కొందరు నవ్వుతారు. నవ్వనిస్తాను. ఆ పడవలో సీటు ఖాళీగా ఉండటానికి కారణం నేనే.