నూట నలభై ఎకరాల ప్రీతి

పొద్దున్నే, ఇంకా పళ్ళు తోముకోకముందే, ప్రీతి గ్రూప్-2 గైడు తెరిచి పన్నెండో పేజీ మధ్యలో పెన్ను పెట్టేది. వాకిలి ఊడుస్తూ తొంగిచూసే తల్లికి అది కనిపించాలి. ఆ తర్వాత కంప్యూటరు వేసి, హెడ్‌ఫోన్లు తగిలించుకొని, ట్రాక్టరు స్టార్టు చేసేది. మూడేళ్ళుగా ఇదే వరుస. పన్నెండో పేజీ దాకా రాజ్యాంగం ఆమెకు కంఠస్థం. పదమూడో పేజీ నుంచి దేశం ఎలా నడవాలో దేశానికే వదిలేసింది.

అది సేద్యం చేసే ఆట. దున్నాలి, నాటాలి, కోయాలి, అమ్మాలి. కోరుట్లలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండే ప్రీతికి ఆ ఆటలో నూట నలభై ఎకరాల వరి ఉంది. ఆమె తల్లి లచ్చవ్వకు గుంటెడు భూమి లేదు. ముప్పై ఏళ్ళుగా ఆటో ఎక్కి ఇబ్రహీంపట్నం వైపు ఊళ్ళకు నాట్లకు పోతోంది. బిడ్డ కాలికి మాత్రం బురద అంటకూడదని పట్టుబట్టి చదివించింది. చదువుకున్న బిడ్డ తలుపు దగ్గరకేసుకొని రోజుకు ఆరు గంటలు బురదలోనే ఉంటోంది. తలుచుకుంటే ప్రీతికే నవ్వొచ్చేది. కానీ ఆ నవ్వు శనివారం దాకానే.

ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగే వేళ లచ్చవ్వ లేచి నిలబడి, "నా బిడ్డకు గ్రూప్స్‌ల కొలువు రావాలె" అనేది. అరవై మంది మోకరించి కళ్ళు మూసుకునేవారు. అందరికంటే గట్టిగా ప్రీతే మూసుకునేది.

ఆ వానాకాలం ఆట కొత్త రూపంలో వచ్చింది. ప్రీతి కంప్యూటరులో, తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు పాతబడి దాన్ని మోయలేకపోయింది. ట్రాక్టరు నాలుగడుగులకోసారి మొరాయించింది. కొత్త కార్డు కోసం ప్రీతి రెండు నెలలు పరిశోధన చేసింది. ఏది ఎంత పొడవు, ఎంత కరెంటు తాగుతుంది, ఎనిమిది జీబీ చాలునా, పన్నెండు కావాలా? నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో పట్టిక గీసింది. చదువు మీద ఇందులో సగం శ్రద్ధ పెట్టినా ఈపాటికి నాయబ్ తహసీల్దారు అయ్యేదని ఆమెకు తెలుసు. ఆ సంగతి పట్టికలో ఏ గడిలో రాయాలో మాత్రం తెలియలేదు. చివరికి ఎనిమిది జీబీ కార్డు చాలని తేల్చింది.

"అవ్వా, పాఠాల వీడియోలు ఆగి ఆగి వస్తున్నయ్. జగిత్యాల పోయి ఓ సామాను తేవాలె."

"నేను గూడ వస్త. బేరం చేసుడు నీతోని కాదు" అన్నది లచ్చవ్వ. కాదనడానికి కారణం దొరకలేదు. బేరం చేయడం నిజంగానే ప్రీతితో కాదు.

జగిత్యాలలో గడియారం టవర్ దగ్గరి కంప్యూటరు దుకాణంలో యజమాని అజయ్ అడిగాడు. "ఏం ఆడుతరక్కా?"

"ఆడుడు కాదు, పాఠాలు..."

"పాఠాలకు గింత కార్డెందుకక్కా? ఫోన్ సరిపోతది గద."

ప్రీతి అతని వైపు వంగి ఆట పేరు గొణిగింది. అజయ్ ముఖం వెలిగిపోయింది. "అరె, నేను గూడ గదే ఆడుత! ఎన్నెకరాలు చేసిండ్రక్కా? నాకు అరవై దాటుతలేదు."

అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎవరూ ప్రీతిని అంత గౌరవంగా ఏదీ అడగలేదు.

"నూట నలభై" అనేసింది, అందరికీ వినపడేలా.

అజయ్ ఉత్సాహంగా రెండు కంప్యూటర్లలో ఒకే వరి పొలం తెరిచి చూపించాడు. ఒకదాంట్లో ఎనిమిది జీబీ కార్డు, ఇంకోదాంట్లో పన్నెండు. లచ్చవ్వ ముందుకు వంగి రెండూ చూసింది.

"గా దాంట్ల అంత గడ్డి లెక్కనే ఉన్నది. గీ దాంట్ల పిలకలు కనవడ్తున్నయ్. నీళ్ళే ఎక్కువున్నయ్, కుళ్ళుతది." బిడ్డ వైపు తిరిగింది. "ఎన్నొద్దుల సంది చేస్తున్నవే?"

"మూడేండ్లు."

"నాట్లకు ఎవలస్తరు?"

"మిషనవ్వా."

"నూట నలభై ఎకరాలు వెట్టుకొని, అవ్వను ఒక్కనాడు నాటుకు పిలువకపోతివి గదనే!"

అజయ్ పగలబడి నవ్వాడు. లచ్చవ్వ నవ్వలేదు.

"మరి గ్రూప్స్?"

ప్రీతి చేతిలోని రంగుల పట్టికను మడిచి సంచిలో పెట్టింది.

"అరవై మందిని మోకాళ్ళ మీద కూసోవెట్టిన గద బిడ్డా, నీ కోసం" అన్నది లచ్చవ్వ మెల్లగా. అజయ్‌తో, "ఉండనియ్ కొడుకా. ఆదివారం నా బిడ్డకు చర్చిల పనున్నది. అది చెప్పినంక అస్తం" అని బయటికి నడిచింది.

ఆ ఆదివారం మనవుల వేళ లచ్చవ్వ లేవలేదు. మోచేత్తో బిడ్డ డొక్కలో పొడిచింది. నలుగురిలో తన పేరు చెప్పాలన్నా చెమటలు పట్టే ప్రీతి లేచి నిలబడింది.

"నేను చదువుతలేను. మూడేండ్ల సంది కంప్యూటర్ల సేద్యం చేస్తున్న. అవ్వకు మొన్నటిదాంక తెల్వది. నా కొలువు కోసం ఇగ ప్రార్థన చేయకుండ్రి."

వెనక వరుసలోంచి, లచ్చవ్వతో నాట్లకు పోయే ముత్తమ్మ గొంతు వినిపించింది.

"మరి మూడేండ్ల మా ప్రార్థన ఎవలకు వోయిందే? పోచయ్య కొడుక్కు మొన్న పోలీసు కొలువచ్చె. వానికి మనమెన్నడు అడుగకపోతిమి!"

ముందు వరుసలో పోచయ్య ఉలిక్కిపడ్డాడు. పాస్టరు గారు నవ్వు దాచుకోవడానికి దగ్గారు. లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక ఏముందో ప్రీతికి తెలియలేదు. కానీ కూర్చోబోతుంటే తల్లి జరిగి చోటిచ్చింది.

బుధవారం ఇద్దరూ మళ్ళీ జగిత్యాల పోయారు. పట్టిక ఎనిమిది జీబీ అన్నది. లచ్చవ్వ, పిలకలు కనబడే పన్నెండే అన్నది. పట్టిక ఓడిపోయింది. దానికి కరెంటిచ్చే డబ్బా కూడా మార్చాలని అజయ్ చెప్పాక లచ్చవ్వ అసలు బేరం మొదలుపెట్టింది. ప్రీతి దుకాణం బయట నిలబడింది.

ప్రీతికి ఇప్పుడు ఇరవై ఏడేళ్ళు. కోరుట్లలో ఒక విత్తనాల దుకాణంలో బిల్లులు కొడుతుంది. ఈ ఏడు గ్రూప్స్‌కు దరఖాస్తు పెట్టుకోలేదు.