పసుపు పట్టించిన కార్జం

ఆడి నెల (తమిళుల ఆషాఢం) రెండో మంగళవారం, మధ్యాహ్నం మూడుంబావుకి నేను సైటోక్రోమ్ పరిశోధనని తలకిందులు చేశాను. ఆ రోజుల్లో ఎంత తక్కువ తెలిస్తే అంత ధైర్యంగా పని చేసేవాళ్ళం. నాకు ఏమీ తెలియదు కనుక ధైర్యానికి కొదవ లేదు. పెరంబూరు నుంచి వచ్చి కాలేజీ ల్యాబులో గాజు సామాన్లు కడిగే పని నాది. అక్కడ కళ్ళజోడక్క (పరిశోధన చేసే అమ్మాయికి నేను పెట్టిన పేరు) మేక కార్జం, అదే కాలేయం, రుబ్బి, యంత్రంలో గిర్రున తిప్పి, అందులోంచి సైటోక్రోమ్ అనే ఎంజైములను తీసేది. మనం మింగిన మందునీ విషాన్నీ విరగ్గొట్టి బయటికి పంపేవి అవేనట. మంచి పనివాళ్ళే అనుకున్నాను.

కార్జం తెచ్చే మనిషి ఆ రోజు రాలేదు. నన్ను పంపారు. మంచు డబ్బా మీద 'కడగవద్దు' అని రాసి ఉందట. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. పచ్చి కార్జాన్ని నెత్తురుతో అలాగే చేతికిస్తే మా అమ్మ పెంపకానికి ఏం మర్యాద? క్యాంటీన్ పెద్దమ్మని అడిగి, ఉప్పూ పసుపూ పట్టించి, మూడు నీళ్ళు కడిగి, మళ్ళీ మంచులో పెట్టి ఇచ్చాను. ఆ ముదురు రంగు మీద పసుపు ఎవరికి కనిపిస్తుంది?

మూడుంబావుకి, ఆ ఎంజైములను కొలిచే యంత్రం కాగితం మీద గీసిన గీత, రోజూ లేచే చోటు వదిలి, పక్కన గుట్టలా లేచింది. అక్క కుర్చీలోంచి ఎగిరింది. "సార్, ఇది కొత్తది సార్! ఇంతవరకూ ఎవురూ చూళ్ళేదు!" మూడేళ్ళుగా ఆమె చదువు అడుగు ముందుకి పడలేదు; ఇక గట్టెక్కినట్టే అనుకుంది. ల్యాబు నడిపే పెద్ద సారు కూడా మురిసిపోయి, పై ఊళ్ళ పండితులకు అప్పుడే ఉత్తరం రాయించాడు. సంతకం పెట్టబోతూ నా వైపు తిరిగాడు.

"కార్జం ఎట్ల తెచ్చినావమ్మా? ఏమీ కలపలేదు గదా?"

'లేదు' అంటే నా ఉద్యోగం నిలుస్తుంది, కానీ ఆ ఉత్తరం పోయాక అక్క పరువు పోతుంది.

"కలపలా సార్. కడిగినా. ఉప్పూ పసుపూ ఏసి."

సారు క్యాంటీన్‌కి కబురు పంపితే పెద్దమ్మ పసుపు డబ్బాతో సహా పరుగెత్తుకొచ్చింది. "ఈరోడ్ పసుపు సార్, కల్తీ లేదు!" సారు చిటికెడు స్పిరిట్‌లో కలిపి యంత్రంలో పెట్టాడు. అదే గుట్ట, అదే చోట.

"ఏమ్మా, అల్లం వెల్లుల్లి మరిచిపోతివా?" అన్నాడు ఉత్తరం చింపుతూ.

అక్క ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "పాపిష్టిదానా! ఆ పండితులు నన్ను తాళింపు పెట్టుంటారు గదే! రేపు నువ్వే పోయి తేవాల. కడిగినావో, నీకే ఉప్పు పట్టిస్తా!"

మర్నాడు కడగకుండా తెచ్చాను, ముక్కు మూసుకుని. గీత బుద్ధిగా తన చోటే లేచింది. ఆమె చదువు పూర్తయ్యేసరికి మరో రెండేళ్ళు పట్టింది, కానీ పూర్తయింది. ఇప్పుడు ఎవరైనా అలా అడిగితే అంత గబుక్కున నిజం చెప్పను. ముందు తలుపు ఎటుందో చూసుకుంటాను. అప్పటి నాలాంటి పిచ్చిపిల్లకి ఆ తెలివి లేకపోవడమే మంచిదైంది. ఆ రోజు అక్కడున్నది పెద్ద సారు, కళ్ళజోడక్క, పసుపు డబ్బా వదలని క్యాంటీన్ పెద్దమ్మ, ఇంకా ఇరవై ఏళ్ళ నేను.