మా బావ వెనకేసుకొచ్చే డాక్టరు

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. టీవీ ముందు కూర్చుంటే మాత్రం ఆయనకు మంచివాళ్ళు అస్సలు గిట్టరు. ఎవడైనా కళ్ళనీళ్ళు పెట్టుకుని నిజం చెప్పేస్తే చాలు, రిమోట్ అందుకుంటాడు. అబద్ధం మీద అబద్ధం ఆడి, చెమటలు కక్కుతూ ఆఖరి నిమిషంలో తప్పించుకునేవాడే ఆయనకు కావాలి. "వాళ్ళలో సరుకుంటుంది మరదలు పిల్లా" అంటాడు.

ఈమధ్య ఒక డాక్టరు సీరియల్ పట్టుకున్నాడు. ఆ డాక్టరు ఆపరేషన్‌లో చిన్న పొరపాటు చేసి, దాన్ని దాచడానికి ఇంకోటి చేసి, ఇప్పుడు ఏకంగా హత్యల్లోకి దిగాడు. బావ ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన తరఫున వకాల్తా పుచ్చుకునేవాడు. అక్కకు ఒళ్ళు మండేది.

"మొదటిరోజే చెప్పేసుంటే పీడా పోయేది కదండీ" అనేది.

"చెప్తే ఉద్యోగం పోదూ? నువ్వైతే ఏం చేస్తావ్?" అని బావ దబాయించేవాడు.

నేనా, బావ పార్టీయే. చెడ్డవాడు దొరికిపోతే ఇక చూడ్డానికి ఏముంటుంది?

మొన్న ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. బావ కుదురుగా కూర్చుంటేగా. లేచి నీళ్ళు తాగాడు, ఫోన్ తీశాడు, పెట్టేశాడు, మళ్ళీ తీశాడు. కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడు చూసి నాకే చిరాకేసింది. తెరమీద డాక్టరు "ఎవరికీ ఏమీ కాదు" అన్నాడో లేదో, "ఆపెయ్" అన్నాడు బావ.

అక్క ఆపింది. బావ గోడకేసి చూస్తూ చెప్పుకొచ్చాడు. అంతకు ముందురోజు ఒక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు లిఫ్టు తలుపు గడియ పాడైంది. కొత్తది సోమవారం గానీ రాదు. తలుపు సరిగ్గా పడకపోతే లిఫ్టు కదలకూడదు. జనం మీదపడి ఒకటే గోల చేస్తుంటే, బావ లోపల ఒక వైరు ముక్క కలిపి, తలుపు పడినట్టే లిఫ్టును నమ్మించి వచ్చేశాడు. రిపేరు మధ్యలో ఆ వైరు పెట్టడం మామూలే. తీయకుండా రాకూడదు. ఇప్పుడు తలుపు తెరిచున్నా లిఫ్టు దాని దారిన అది తిరుగుతుంది, తలుపు వెనక ఉత్త గొయ్యి మిగులుతుంది.

"రేపు పొద్దున్నే వెళ్ళి మార్చేస్తా. ఒక్క పూటకి ఏమవుతుంది?" అన్నాడు.

"ఆ అంతస్తులో పిల్లలున్నారా?" అంది అక్క.

బావ ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి ఫోన్ చేశాడు.

"లిఫ్టు ఐదులో ఉందండి. మూడో అంతస్తు తలుపు మాత్రం ఇందాక చూస్తే బార్లా తెరిచుంది" అన్నాడతను.

"మెయిన్ స్విచ్ ఆపెయ్. ఆ తలుపు దగ్గరే నిలబడు, ఎవర్నీ రానివ్వకు" అన్నాడు బావ. ముగ్గురం దొరికిన టాక్సీ ఎక్కాం. దారంతా ఆయన వాచ్‌మన్‌తో ఫోన్‌లోనే ఉన్నాడు, తలుపు దగ్గర్నుంచి కదలొద్దని. నాకూ భయం వేసింది.

అక్కడ ఎవరికీ ఏమీ కాలేదని చూసుకుని, వైరు పీకేశాక, మెట్ల మీద నుంచే సూపర్‌వైజరుకు ఫోన్ చేసి అంతా చెప్పేశాడు. అవతలి కేకలు మాకూ వినిపించాయి. ఆయన వస్తున్నాడట, పనిముట్ల సంచీ, తాళాలూ అక్కడే అప్పగించమన్నాడట. ఈలోగా మూడో అంతస్తు ఆవిడ చంటిపిల్లను చంకనేసుకుని ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఆదివారం పూట లిఫ్టు ఆపుతారా? మనుషులేనా మీరు" అని దులిపేసింది.

"తప్పేనండి" అన్నాడు బావ, పిల్ల వైపు చూస్తూ.

"పోన్లెండి, ఇంటికెళ్ళి మిగతాది చూద్దాం. మీవాడు తప్పించుకునే ఉంటాడు" అంది అక్క.

"దొరికిపోతే బాగుణ్ణు పాపం" అన్నాడు బావ.

ఆ తలుపుకు అడ్డంగా నేలమీద కూర్చున్నాడు. సూపర్‌వైజరు వచ్చేదాకా లేవలేదు.