పొడి అట్టలు

బందరులో మా వీధికి అట్టలు, సీసాలు ఏరుకోవడానికి ఒకామె వచ్చేది. ఎండాకాలంలో పొద్దెక్కకముందే వచ్చి వెళ్లిపోయేది. ముసురు పడితే మాత్రం వాన ఎప్పుడు తెరిపిస్తే అప్పుడు వచ్చేది.

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న సామాన్ల అట్టపెట్టెలు నేను గేటు బయట పెట్టేదాన్ని.

"గేటు లోపల పెట్టండి అమ్మగారూ. తడిస్తే పాతసామాన్ల కొట్టాయన తీసుకోడండీ" అని ఆమె ఒకసారి కాదు, మూడు వానాకాలాలు చెప్పింది. అలాగేనన్నాను. పెట్టలేదు. పోర్టికోలో అట్టలుంటే బొద్దింకలు చేరతాయని నా బాధ. అక్కడ మా కారు ఉండేది. పైన శ్లాబు ఉన్నా దానికి మళ్లీ ఒక కవరు.

ఓ వాయుగుండం నాడు గేటు దగ్గర చప్పుడైతే వెళ్లి చూశాను. ఆమె తన తలమీది బరకం తీసి, అప్పటిదాకా ఏరిన అట్టల మీద కప్పి, తను తడుస్తూ నిలబడింది. మా పెట్టెలు అప్పటికే నాని ముద్దయిపోయాయి. అవి కాలవలో పడకుండా ఆమె కాలితో గోడవారకు జరిపింది.

"టీ తాగుతావా?" అని గేటు ఇవతల నుంచే అడిగాను. లోపలికి రమ్మనలేదు.

"వద్దండీ, గాలికి బరకం ఆగట్లేదు" అని వెళ్లిపోయింది.

తర్వాత మా వీధికి రావడం మానేసింది. ఎక్కడుంటుందో నేనెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు అట్టలన్నీ పోర్టికోలో, కారు పక్కనే, చినుకు తగలకుండా పేరుస్తున్నాను. వాటిని పట్టుకెళ్లే మునిసిపాలిటీ చెత్త బండికి అవి తడిసినా ఒకటే, పొడిగా ఉన్నా ఒకటే.